బాపుకు చెప్పిన ధర

"ఎంతకు తెచ్చినవ్?" అని బాపు అడిగాడు.

"ఆరు వందలు" అన్నాను.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అడిగాడు, చెప్పాను. బాపు తల ఊపి, వాకిట్లో మంట దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. డబ్బా మీద అచ్చేసిన ధర 3,799 రూపాయలు. దుకాణంలో నేను కట్టింది 1,899. ఈ రెండూ వదిలేసి లెక్కలో ఎక్కడా లేని మూడో అంకె ఒకటి పుట్టించి, కన్న తండ్రికి చెప్పాను. పాతికేళ్లుగా పిల్లలకు "నిజం చెప్పాలిరా" అని నేర్పుతున్న నోరు ఇది.

ఇది చిన్న విషయమే. ఒక జత బూట్లు. కానీ ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకు అబద్ధమాడాను అన్న ప్రశ్న ఒకటే అయితే పట్టేదేమో. దాని వెనక ఇంకో ప్రశ్న ఉంది: హాయిగా నడవడానికి నేను ఖర్చు పెట్టిన డబ్బు నాకు సిగ్గు ఎందుకు తెచ్చింది? ఆ సిగ్గు నాదేనా, ఎవరైనా నాకు తొడిగారా? మన పిల్లల్లో చాలామంది రేపు ఉద్యోగాల్లోకి వస్తారు, జీతం తీసుకుంటారు, ఇల్లు చేరి తల్లిదండ్రుల ముందు ఇలాగే నిలబడతారు. వాళ్ల కోసమైనా ఈ బూట్ల సంగతి పూర్తిగా చెప్పాలనిపించింది.

బూట్లు సరదాకు కొన్నవి కావు. ఏడాదిగా నా ఎడమ మడమలో నొప్పి. పొద్దున లేచి మొదటి అడుగు వేస్తే తుమ్మముల్లు దిగినట్టు ఉండేది. పది అడుగులు వేశాక తగ్గేది, సాయంత్రం మళ్లీ మొదలు. నేను దిగే బస్‌స్టాపు నుంచి బడికి రెండు కిలోమీటర్ల పైనే నడక, మధ్యలో వాగు. బడిలో రోజంతా నిలబడే పని. ఆసుపత్రిలో డాక్టరమ్మ మడమ దగ్గర బొటనవేలితో నొక్కి చూసి, అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా ఒక గట్టి పట్టీ ఉంటుందనీ, అది మడమను అంటుకునే చోట దెబ్బతిన్నదనీ చెప్పింది. "సిమెంటు గచ్చు మీద ఉత్తకాళ్లతో నడవొద్దు సార్. పలచని స్లిప్పర్లు మానెయ్యండి. మెత్తటి అడుగున్న బూట్లు వేసుకోండి" అంది. పిక్కలను సాగదీసే వ్యాయామం కూడా చూపించింది.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే బాపు నవ్వాడు. "డెబ్బయి ఏండ్లు ఉత్తకాళ్లతో నడిచిన. నాకు రాని నొప్పి నీకెట్ల వచ్చింది?" అన్నాడు. ఎకసెక్కంగానే అన్నా, మాటలో నిజం ఉంది. ఆయన నడిచింది మట్టి మీద, చేను మీద, ఆకు రాలిన అడవి మీద. కాలు పడితే నేల కొంచెం లోపలికి పోతుంది. నేను నడుస్తున్నది సిమెంటు మీద, టైల్స్ మీద. పేడతో అలికిన మన ఇళ్ల నేల వేరు, ఇప్పుడు పథకాల్లో కట్టిన ఇళ్ల గచ్చు వేరు. నేలను మార్చుకున్నాం, కాలును మార్చుకోలేదు. అయితే బాపు చెప్పని సగం కూడా ఉంది. ఆయన రెండు మడమలూ ఎండాకాలపు చెరువులా పగిలి ఉంటాయి. చలికాలంలో ఆ పగుళ్లలోంచి నెత్తురు కారితే అమ్మ మైనం కరిగించి పోసేది. అది నొప్పి కాదని ఆయన అనుకున్నాడు, అంతే.

సంవత్సరం ఆఖరు రోజుల్లో ఆదిలాబాద్ వెళ్లాను. ఒక చెప్పుల దుకాణం ముందు "50 శాతం తగ్గింపు" అని పెద్ద బ్యానరు. లోపల పెళ్లిలో ఉన్నంత జనం. నన్ను చూసుకోవడానికి ఒక అబ్బాయి వచ్చాడు, ఇరవై ఏళ్లు ఉంటాయి. నా పాదం చూసి "తొమ్మిది నంబరా సార్?" అన్నాడు. తొమ్మిది తొడిగితే పొడవు సరిపోయింది, వెడల్పు సరిపోలేదు. చిటికెన వేలు గోడకు ఒరిగిన మనిషిలా నలిగింది. "పది వేసుకోండి సార్, లేసు గట్టిగా కట్టుకుంటే సరిపోతది" అన్నాడు. పది వేస్తే వెడల్పు సరిపోయింది, ముందు రెండు వేళ్ల ఖాళీ మిగిలింది, నడిస్తే మడమ జారుతోంది.

ఇందులో ఆ అబ్బాయి తప్పు లేదు. నా పాదం తప్పు అంతకన్నా లేదు. మన దేశంలో బూట్ల నంబర్లు బ్రిటన్ వాళ్ల లెక్కలో వచ్చినవి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధనా సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. మన వాళ్ల పాదాలు యూరప్ వాళ్ల పాదాల కంటే వెడల్పు అని తేల్చింది. సన్నని బూటులో పాదం పట్టక జనం ఒక నంబరు పెద్దది కొనుక్కొని లేసులు బిగించుకుంటున్నారనీ, మన పాదాలకు మనవే కొలతలు కావాలనీ చెప్పి, వాటికి "భా" అని పేరు కూడా పెట్టింది. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. దేశమంతా వెడల్పు పాదమే అయితే, చిన్నప్పటి నుంచి ఉత్తకాళ్లతో తిరిగి వేళ్లు విసనకర్రలా విచ్చుకున్న మన పాదాల గతేమిటి? బూటు తొడగకుండా పెరిగిన పాదం ముందు భాగంలో వెడల్పుగానే ఎదుగుతుంది. అది పాదం అసలు రూపం. కానీ అద్దాల దుకాణంలో కూర్చుంటే అదే పాదం అనాకారిగా కనిపిస్తుంది. నేను కాలును కుర్చీ కిందికి లాక్కున్నాను. ఆ అబ్బాయి గమనించాడేమో తెలియదు.

నాకు సరిగ్గా సరిపోయిన జత ఒకటి దొరికింది. ముందు వెడల్పుగా, మడమ దగ్గర గట్టిగా, వంచితే వేళ్ల దగ్గరే వంగేలా ఉంది. దాని మీద మాత్రం తగ్గింపు లేదు. తగ్గింపు బల్ల మీద ఉన్నవి ఆరు నంబరువీ పదకొండు నంబరువీ, ఎవరూ కోరని రంగులవీ, పోయినేటి సరుకూ. అందరికీ సరిపోయేవి తగ్గింపు రాకముందే అమ్ముడుపోతాయి. ఇది మోసం కాదు, వ్యాపారమే. అయినా బ్యానరు చూసి లోపలికి వచ్చినవాడు ఆ సంగతి తెలుసుకోవాలి.

ఇంకొకటి కూడా తెలుసుకోవాలి. మా బడిలో తోటి ఉపాధ్యాయుడు ఒకరు కిందటేడు సగం ధరకు బూట్లు తెచ్చుకున్నారు. చూడటానికి కొత్తవే. నాలుగో రోజు ప్రార్థన సమయంలో అడుగు రొట్టెముక్కలా విరిగి వరండా అంతా రాలింది. పిల్లలు నవ్వాపుకోలేక చచ్చారు. డబ్బా తీసి చూస్తే తయారై నాలుగేళ్లు. కొన్ని బూట్ల అడుగు పాలీయురేథేన్ అనే పదార్థంతో చేస్తారు. వేసుకోకుండా డబ్బాలో పెట్టినా గాలిలోని తేమ తగిలి ఏళ్లు గడిచేకొద్దీ అది లోలోపల పొడి అవుతుంది. అందుకే డబ్బా మీద ధర ఒక్కటే చూడకండి, పక్కనే తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, అవి చూడండి. సాయంత్రం పూట వెళ్లండి, రోజంతా తిరిగిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, అసలు కొలత అప్పుడే తెలుస్తుంది. మేజోళ్లు వేసుకొని రెండు కాళ్లకూ తొడిగి, లేచి నిలబడి, దుకాణంలో పది అడుగులు నడవండి. ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. "వాడితే సాగుతది సార్" అంటారు. బూటు సాగేలోపు కాలు బొబ్బలెక్కుతుంది. మన పిల్లలు దుకాణంలో మొహమాటపడి, రెండో జత చూపించమని అడగలేక, నొప్పిని కొనుక్కొని వస్తారు. నేనూ ఆ వయసులో అంతే.

చివరికి తగ్గింపులోనే, పోయినేటి రంగులోనే, వెడల్పున్న ఒక జతను ఆ అబ్బాయి పైన అటక మీంచి వెతికి తెచ్చాడు. తయారై ఏడు నెలలు. తొడిగి నిలబడితే మడమ మెత్తటి దుక్కిలో దిగినట్టు అనిపించింది. ఏడాది తర్వాత నొప్పి లేకుండా నిలబడ్డాను. కళ్లలో నీళ్లు వచ్చినంత పని అయింది. 1,899 కట్టాను. 1,900 మిగిలిందన్న సంతోషంతో బస్సెక్కాను.

గుడిహత్నూర్ దాటాక ఆలోచన మొదలైంది. ఎక్కడ మిగిలింది?

ఏడో తరగతి లెక్కల్లో ప్రకటన వెల, ముదరా, అమ్మినవెల అని ఒక పాఠం చెప్తాను. "ప్రకటన వెల 500, ముదరా 20 శాతం, అమ్మినవెల ఎంత?" పిల్లలు చకచకా చేస్తారు. ఆ 500 ఎవరు ప్రకటించారు, ఎందుకు అంతే ప్రకటించారు అని ఇన్నేళ్లలో ఒక్క పిల్లవాడూ అడగలేదు. నేనూ అడిగించలేదు. డబ్బా మీది గరిష్ఠ చిల్లర ధరను తయారుచేసేవాడే అచ్చేస్తాడు. దానికంటే ఎక్కువకు అమ్మితే చట్టప్రకారం తప్పు. బూటు మీద ఆ అంకె ఎంత దాకా ఉండొచ్చో మాత్రం పరిమితి లేదు. 3,799 అని వేసి 1,899కి అమ్మొచ్చు, 5,000 అని వేసి అదే 1,899కి అమ్మొచ్చు. రెండోసారి కొనేవాడికి ఇంకా ఎక్కువ సంతోషం. కోయడానికే పెంచిన అంకె అది, దసరాకు మేపిన కోడిలాగ. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 దాటని జత మీద జీఎస్టీ 5 శాతమే. అంతకుముందు వెయ్యి దాటితే 18 శాతం ఉండేది. ఆ తేడా బిల్లులో అంకెలతో సహా కనిపిస్తుంది. దుకాణం ఇచ్చిన 1,900 అలా ఎక్కడా కనిపించదు. నేను ఎన్నడూ కట్టబోని డబ్బు నాకు మిగిలిందని చెప్పారు, నేను నమ్మాను.

సరిగ్గా అదే వారం బాపు పత్తి అమ్మాడు. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది 8 శాతం తేమ ఉన్న పత్తికి. తేమ ఒక శాతం పెరిగితే ధర ఒక శాతం తగ్గుతుంది. 12 శాతం ఉంటే 7,785 రూపాయల 60 పైసలు. 12 దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, వెనక్కి తెచ్చుకోవాలి, లేదంటే బయట వ్యాపారికి ఇవ్వాలి. చలికాలపు మంచులో ఏరిన పత్తి తేమ లేకుండా ఎలా ఉంటుంది? బాపు బయట వ్యాపారికే ఇచ్చాడు. అక్కడ తేమకు ఇంత, తరుగుకు ఇంత, హమాలీకి ఇంత. చేతికి వచ్చేసరికి క్వింటాలుకు ఏడున్నర వేల లోపే పడింది.

అది కూడా తగ్గింపే కదా! బూటు ధర తగ్గించినప్పుడు బ్యానరు కడతారు, పాటలు పెడతారు, ఇది నీకు ఇస్తున్నాం అంటారు. పత్తి ధర తగ్గించినప్పుడు ఏ బ్యానరూ ఉండదు. కాంటా దగ్గర ఒక మనిషి గుప్పెడు పత్తి పిసికి చూసి నోటితో ఒక అంకె చెప్తాడు, అంతే. కొనేటప్పుడు ధర నిర్ణయించేది వాడే, అమ్మేటప్పుడు నిర్ణయించేదీ వాడే. రెండు చోట్లా మనం తల ఊపడమే. ఇప్పపువ్వు దగ్గర, బంక దగ్గర మన తాతలు తల ఊపారు. నేను చదువుకొని, జీతం తెచ్చుకొని, అద్దాల దుకాణంలో కూర్చొని ఊపాను.

ఇక నా అబద్ధం సంగతి. 3,799 అన్నది ఎవరూ కట్టని ధర. 600 అన్నది నేను పుట్టించిన ధర. మధ్యలోని 1,899 ఒక్కటే నిజం, బాపు దగ్గర దాచింది దాన్నే. ఆయన నొచ్చుకుంటాడని చెప్పలేదని మొదట నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పెద్దవాళ్ల మనసు నొప్పించకుండా ఆడే అబద్ధం తప్పు కాదని మనం అనుకుంటాం. ఆసుపత్రిలో ఉన్నవాళ్లతో "ఏం కాదు, తగ్గుతది" అంటాం. అది అవతలివాళ్ల కోసం. ఇది మాత్రం నా కోసమే ఆడింది. బాపు ఏ డబ్బునైనా పత్తిలో కొలుస్తాడు. 1,899 అంటే పాతిక కిలోల పత్తి. అమ్మ కూలికి పోయి కిలోకు పది రూపాయల లెక్కన ఏరితే, చేతులు బాగా సాగిన రోజు నలభై కిలోలు ఏరేది. అంటే దాదాపు ఐదు రోజులు, వంగిన నడుము ఎత్తకుండా. ఆ లెక్క బాపు నోట వినడం నాకు ఇష్టం లేదు. విననంతవరకూ ఆ లెక్క లేనట్టే అనుకున్నాను.

ఇక్కడే ఆపితే తప్పంతా నాదే అవుతుంది, ఈ వ్యాసం ఒక క్షమాపణ పత్రం అవుతుంది. నాకు దానితోనూ పేచీ ఉంది. మా బడిలోనే మైదాన ప్రాంతం నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు నాలుగు వేల బూట్లు వేసుకొని వస్తాడు. ఆయన తండ్రి కూడా రైతే. ఆయన మొహంలో ఏ సిగ్గూ లేదు, ఉండాల్సిన పని కూడా లేదు. మరి నాకెందుకు? ఎక్కడో ఒక చోట, ఆదివాసీ అంటే ఉత్తకాళ్లవాడే అన్న మాటను నేనూ నమ్ముతున్నాను కాబట్టి.

ఒక సభ గుర్తొస్తోంది. మా పిల్లలు దండారి ఆట చూపించడానికి వెళ్లారు. చలి, నేలంతా కంకర. పిల్లలు బూట్లతో వరుసలో నిలబడితే నిర్వహించేవాళ్లలో ఒకాయన వచ్చి, "బూట్లు విప్పించండి మాస్టారూ, ఫొటోలో అసలుగా కనిపించాలి" అన్నాడు. నేను విప్పించాను. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. నేనే వంగి, చిన్నవాళ్ల లేసులు విప్పాను. ఫొటోలు బాగా వచ్చాయి.

మా తాత కాలంలో జంగ్లాత్ వాళ్లు గూడేనికి వస్తే చెప్పులు విప్పి చేతిలో పట్టుకొని నిలబడేవారట. ఊళ్లలో దొరల గడీల ముందు చెప్పులతో నడవనిచ్చేవాళ్లు కాదని తెలంగాణలో ప్రతి ముసలివాళ్లూ చెప్తారు. అప్పుడు భయపెట్టి విప్పించారు, ఇప్పుడు మెచ్చుకుంటూ విప్పించారు. విప్పింది మాత్రం మనవాళ్లే.

అలాగని ఉత్తకాళ్లు అంటేనే అవమానం అని నేను చెప్పబోవడం లేదు. నా బావమరిది మెస్రం వంశం. ఆటో నడుపుతాడు, నాకంటే మంచి బూట్లున్నాయి అతనికి. పుష్యమాసం రాగానే అవి ఇంట్లో విడిచి, తెల్లబట్టలు కట్టుకొని, వంశంవాళ్లతో కలిసి కేస్లాపూర్ నుంచి గోదావరి ఒడ్డున హస్తినమడుగు దాకా ఉత్తకాళ్లతో నడుస్తాడు. నాగోబాకు ఝారిలో గంగనీళ్లు తేవాలి. రోజుల తరబడి నడక. ఈ తారు రోడ్ల మీద, గుచ్చుకునే కంకర మీద. ఒకసారి అతని పాదాలకు పసరు పూస్తూ మా చెల్లె "ఈ నొప్పి ఎందుకు?" అంటే, "ఇది నేను ఇస్తున్న నొప్పి" అన్నాడు. ఆ మాటను నేను చాలాసార్లు తలచుకున్నాను. చెప్పులు విడవడానికి ముందు చెప్పులు ఉండాలి. అవి ఉన్నవాడు దేవుడి ముందు విడిస్తే మొక్కు అవుతుంది. లేనివాడు నడిస్తే అది లేమి, ఇంకొకడు విప్పమంటే విప్పడం లొంగుబాటు. పైనుంచి చూసేవాడికి మూడింటిలోనూ ఒకే పాదం కనిపిస్తుంది.

లేమి అన్న మాట ఊరికే వాడలేదు. మా బడికి కొలాం గూడెం నుంచి ఒక అమ్మాయి వచ్చేది, నాలుగో తరగతి. వాగు దాటి, రాళ్ల దారిలో ఉత్తకాళ్లతో నడిచి వచ్చి, గేటు దగ్గర చంకలోంచి బూట్లు తీసి తొడుక్కునేది. సాయంత్రం గేటు దాటగానే విప్పి మళ్లీ చంకలో పెట్టుకునేది. దారి కోసం ఇచ్చిన బూట్లను దారి నుంచి కాపాడుతోంది! ఫిబ్రవరిలో నులిపురుగుల మాత్రలు వేసేటప్పుడు నేను తరగతిలో చెప్తాను: కొంకిపురుగు పిల్లలు తడిమట్టిలో ఉంటాయి, ఉత్తకాలి చర్మంలోంచి లోపలికి పోతాయి, పేగుల్లో చేరి నెత్తురు తాగుతాయి, అందుకే మీకు కళ్లు తిరుగుతాయి, చెప్పులు వేసుకోవాలి అని. ఆ అమ్మాయిని పిలిచి, "బిడ్డా, దారిలోనే కదా వేసుకోవాల్సింది?" అన్నాను. "తడిస్తే పాడైతయి సార్. మళ్ల ఎవరిస్తరు?" అంది.

ఉపాధ్యాయ శిక్షణలో నేర్పిన ఏ పద్ధతిలోనూ ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఎవరిస్తారు? వస్తువు పోతే మళ్లీ కొనుక్కోగలిగినవాడికే వస్తువు పనిచేస్తుంది. లేనివాడు వస్తువుకు కాపలా కాస్తాడు. నేను కొత్త బూట్లతో వాగు దగ్గరికి వచ్చిన మొదటి రోజు ఏం చేశానో తెలుసా? విప్పి చేతిలో పట్టుకొని దాటాను. అవతలి ఒడ్డున పిల్లలు నన్ను చూసి నవ్వారు, నాకు మాత్రం ఆ అమ్మాయే కనిపించింది. ఇప్పుడు పై తరగతికి వేరే ఊరు వెళ్లింది. ఆ మధ్యాహ్నం నాకు "మిగిలిన" 1,900 గుర్తొచ్చింది. నిజంగా మిగిలి ఉంటే మా తరగతిలో నలుగురికో ఐదుగురికో ప్లాస్టిక్ చెప్పులు వచ్చేవి. కానీ అది లేని డబ్బు. చేతిలో లేని డబ్బుతో దయ చూపించడం చాలా సులభం అని ఆ రోజే తెలిసింది. జీతంలోంచి తీసి రెండు జతలు కొన్నాను. రెండే. మిగతావాళ్ల మొహాలు చూడలేక బడి వదిలాక ఇచ్చాను. అది సరైన పనేనా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. తరగతిలో ముప్పై మంది ఉన్నారు.

నాలుగు రోజుల తర్వాత, రాత్రి అన్నం తిన్నాక, మంట దగ్గర కూర్చొని బాపుకు చెప్పాను. "బూట్లు ఆరు వందలు కాదు. పంతొమ్మిది వందలు."

బాపు కోప్పడలేదు. "తే, చూద్దాం" అన్నాడు. ఒక బూటు అరచేతిలో పెట్టుకొని పత్తి బేరగాడిలా పైకీ కిందికీ ఊపి తూచాడు. వేలితో అడుగు నొక్కి చూశాడు. "ఇంత తేలిక. కిలో ఎంత పడ్డట్టు?" అన్నాడు. నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు, నిజంగానే లెక్క వేస్తున్నాడు.

తర్వాత ఆయన మొదటి చెప్పుల సంగతి చెప్పాడు. ఇంద్రవెల్లి సోమవారం సంత. చెట్టు కింద ఒకాయన పాత లారీ టైర్లు కోసి చెప్పులు కుట్టేవాడు. కాలు టైరు ముక్క మీద పెట్టమని, సుద్దతో చుట్టూ గీసి, ఆ గీత మీదే కోసేవాడు. ఎంత వెడల్పు కాలుకు అంత వెడల్పు చెప్పు. వేళ్లు బయటికి పోతే పోయినంత రబ్బరు. ఆ జత ఏడేళ్లు వచ్చిందట. "ఏడు రూపాయలు అన్నడు. నేను గుంజి గుంజి ఐదుకు తెచ్చిన" అని కొంచెం గర్వంగా చెప్పి, కట్టె ఒకటి మంటలోకి నెట్టి, చాలాసేపు ఊరుకున్నాడు.

"రెండు రూపాయలు తగ్గిచ్చుకున్న. ఆయనకు అండ్ల ఏం మిగిలిందో అడగలే" అన్నాడు.

నాకు దుకాణంలోని అబ్బాయి గుర్తొచ్చాడు. నా కోసం రెండుసార్లు నిచ్చెన ఎక్కి అటక మీంచి డబ్బాలు దించినవాడు. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉంటామని చెప్పాడు. మధ్యలో కూర్చుంటే యజమాని అరుస్తాడట. వందల జతల బూట్ల మధ్య తిరిగే ఆ అబ్బాయి కాళ్లకు అరిగిపోయిన హవాయి చెప్పులు. బిల్లు కట్టేటప్పుడు "మేజోళ్లు ఫ్రీగా ఇవ్వవా?" అని నేను బేరమాడాను. అటూ ఇటూ చూసి ఒక జత సంచిలో వేశాడు. అది దుకాణం లెక్కలో పోయిందో, అతని జీతం లెక్కలో పోయిందో నేను అడగలేదు. బాపు సంతలో అడగలేదు, నేను అద్దాల దుకాణంలో అడగలేదు.

"నీకూ ఒక జత తెస్త బాపూ" అన్నాను.

"నా కాలుకు వాళ్ల దగ్గర ఏముంటది?" అన్నాడు. అన్నాడే గానీ బూటును కింద పెట్టలేదు. లోపలికి చెయ్యి పెట్టి మెత్తగా ఉన్న చోటును వేళ్లతో తడుముతున్నాడు.

బడి సంచిలోంచి పిల్లల డ్రాయింగ్ కాగితం ఒకటి తీశాను. లైటు కిందికి వచ్చి దాని మీద నిలబడమన్నాను. వద్దు వద్దంటూనే లేచి వచ్చాడు. పెన్సిలు నిలువుగా పట్టుకొని మడమ దగ్గర మొదలుపెట్టి గీస్తూ వచ్చాను. పగుళ్ల దగ్గర పెన్సిలు రెండుసార్లు ఆగింది. చిటికెన వేలు దగ్గరికి వచ్చేసరికి కాగితం అయిపోయింది. ఇంకో కాగితం పక్కన జరిపి అతికించాను.

"ఎడమది కూడా గియ్యి" అన్నాడు బాపు. "అది పెద్దగుంటది."